సీల్డ్ ఏఐఓ కూలర్ విప్పి మళ్లీ కూలెంట్ నింపొచ్చా? (240 ఎంఎం రేడియేటర్, నీళ్లు నింపే రంధ్రం అంటే ఫిల్ పోర్ట్ లేదు)

భవానీనగర్_బిల్డ్:
నాలుగేళ్ల కిందటి ఏఐఓ (పంపు, ట్యూబులు, రేడియేటర్ అన్నీ కలిపి మూసేసిన నీళ్ల కూలర్), వారంటీ అయిపోయింది. ఆన్ చేస్తానే పంపులో గరగరమని బుడగల శబ్దం. ఐడిల్‌లోనే ప్రాసెసర్ 62 డిగ్రీలు, లోడ్ పెడితే పది సెకన్లలో 95 కొట్టి క్లాక్ పడిపోతా ఉంది. పేస్ట్ మార్చినా తేడా లేదు. బయోస్‌లో పంపు ఆర్‌పీఎం మాత్రం మామూలుగానే చూపిస్తా ఉంది. విప్పి ఇంట్లో ఆర్‌వో నీళ్లు నింపితే సరిపోతుందా? ట్యూబ్ కోసి టీ జాయింట్ పెట్టి చిన్న ట్యాంకు కడితే ఎట్లుంటుంది?

పాకాల_లూప్:
ఆర్‌పీఎం చూసి మోసపోవద్దు బ్రో. అది మోటారు తిరుగుతా ఉందని చెప్తుందే గానీ నీళ్లు పోతున్నాయని కాదు. లోడ్ పెట్టి పది నిమిషాలయ్యాక రెండు ట్యూబులూ పట్టుకొని చూడు. నీళ్లు తిరుగుతా ఉంటే రెండూ దాదాపు ఒకే వెచ్చదనంలో ఉంటాయి, ర్యాడ్ (రేడియేటర్) కూడా వెచ్చబడుతుంది. బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చునే పంపు డబ్బా) కాలిపోతా ఉండి ర్యాడ్ చల్లగా ఉంటే లోపల అడ్డుపడింది. నీ 95 చూస్తే రెండోదే అనిపిస్తా ఉంది. అంటే పైపైన నీళ్లు పోసి మూసేస్తే పని కాదు, కోల్డ్ ప్లేట్ (బ్లాక్ అడుగున ప్రాసెసర్‌ని తాకే రాగి పలక) విప్పి కడగాల్సిందే.

ఆర్‌వో నీళ్లు వద్దే వద్దు. రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ (నీళ్లలో లవణాల మోతాదు సరిచేసేది) ముడినీళ్లు కొంచెం కలుపుతుంది, మన బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది. ప్లేటు రాగి, ర్యాడ్ అల్యూమినియం. మధ్యలో ఉప్పుండే నీళ్లు పడితే అల్యూమినియం తినేస్తుంది, ఆ పొడే మళ్లీ ప్లేటు ఫిన్నుల్లో (సన్నటి రేకుల్లో) ఇరుక్కుంటుంది. ఒట్టి డిస్టిల్డ్ వాటర్ కూడా ఎక్కువ రోజులు కాపాడదు, తుప్పు ఆపే మందు కావాల. కారు స్పేర్ల అంగట్లో అల్యూమినియం ఇంజన్‌కి పనికొచ్చే కూలెంట్ కాన్సెంట్రేట్ తీసుకో, ఒక వంతుకి మూడు వంతులు బ్యాటరీ వాటర్ కలుపు. ఇంకా పలచన చేస్తే ఆ మందు పనిచేయదు, చిక్కగా పెడితే వేడి మోసేది తగ్గుతుంది. రెడీ మిక్స్ అయితే మళ్లీ నీళ్లు కలపొద్దు. బ్యాటరీ వాటర్ పక్కనే యాసిడ్ క్యాన్లు కూడా పెట్టి ఉంటారు, లేబుల్ చదివి తెచ్చుకో. మొత్తం పట్టేది పావు లీటరు లోపే. కడగడానికి, ఒలికిపోయేదానికి కలిపి ఒక లీటరు పెట్టుకుంటే నిమ్మళం.

వేలూరురోడ్_12వి:
పై మాటకి ఒకటి కలుపుతాను. రబ్బరు ట్యూబుల్లోంచి ఏళ్ల తరబడి ఆవిరై పోయేది నీళ్లు మాత్రమే, గ్లైకాల్ (కూలెంట్‌లో నీళ్లతో కలిసుండే ద్రవం) లోపలే మిగులుతుంది. అందుకే ఒట్టి శబ్దం కేసుల్లో డిస్టిల్డ్ వాటర్ టాప్‌అప్ చాలు. నీది అది కాదు కాబట్టి పాతదంతా వంచేయాల.

బ్లాక్ అడుగున టార్క్స్ (నక్షత్రం గాటు తల) స్క్రూలుంటాయి, సరైన బిట్ లేకుండా ముట్టుకుంటే తలలు అరిగిపోతాయి. ఒక్కోటి సగం చుట్టు చొప్పున ఎదురెదురుగా వదులు చెయ్. విప్పక ముందే జెట్ ప్లేటు (నీళ్లని ఫిన్నుల మీదికి మళ్లించే పలక), రబ్బరు సీల్ ఎటు తిరిగి ఉన్నాయో ఫోటో తీసుకో. తిరగేసి పెట్టినారంటే పైన ఎంత మంచి కూలెంట్ పోసినా నీళ్లు ఫిన్నుల పక్కనుంచే పోతాయి. ఫిన్నుల మధ్య సందు తల వెంట్రుకంత. అందులో తెల్లగానో పచ్చగానో జిగురు పట్టి ఉంటుంది. మెత్తటి టూత్ బ్రష్‌తో ఫిన్నుల పొడవునే రుద్దు, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. పోకపోతే రాగి ప్లేటుని మాత్రం వెనిగర్‌లో కాసేపు నానబెట్టు. ర్యాడ్‌లోకి వెనిగర్ పోయొద్దు, అల్యూమినియం. దాన్ని గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో, వచ్చే నీళ్లు తేటపడేదాకా కడుగు.

సీల్‌కి సిలికాన్ గ్రీజు పల్చగా పూయ్. పెట్రోలియం జెల్లీ, బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

నింపేటప్పుడు బ్లాక్ అన్నిటికన్నా పైన, నోరు పైకి. ర్యాడ్ కింద, ట్యూబులు వచ్చే కొస పైకి. సిరంజితో పోస్తా, ట్యూబులు పిసుకుతా, ర్యాడ్‌ని అటూ ఇటూ వంచుతా ఉంటే బుడగలు వస్తాయి. ఓపిక కావాల్సింది ఇక్కడే. మట్టం దిగడం ఆగినాక మూసి, పది నిమిషాలు పంపు తిప్పి, మళ్లీ బ్లాక్ పైకి పెట్టి విప్పి మిగిలింది పోయ్. అంచుదాకా మాత్రం నింపొద్దు. 200 మి.లీ. ద్రవం 25 నుంచి 60 డిగ్రీలకి పోతే 3, 4 మి.లీ. పెరుగుతుంది. ఆ మాత్రం గాలి ర్యాడ్‌లో ఉండనీ.

పంపు టెస్టు బోర్డుతో సంబంధం లేకుండా చెయ్. పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరుని ఒక నల్ల వైరుతో కలిపితే సప్లై ఆన్ అవుతుంది. వైర్లన్నీ నల్లవే అయితే 16, 17 పిన్నులు. లెక్క తప్పేట్టుంటే జంపర్ ప్లగ్ కొనుక్కో. ఒట్టి పంపు ఎప్పుడూ తిప్పొద్దు, దాని బేరింగ్‌కి ఆ నీళ్లే నూనె. జాయింట్ల కింద టిష్యూ పరిచి 24 గంటలు తిరగనీ.

భవానీనగర్_బిల్డ్:
ట్యూబులు చూసినా. బ్లాక్ దగ్గర చెయ్యి పెట్టలేం, ర్యాడ్ చల్లగానే ఉంది. అంటే అడ్డే. టీ జాయింట్ సంగతి?

రేణిగుంట_ర్యాడ్:
నా ఓటు వద్దనే. ఈ ట్యూబుల లోపలి కొలత ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, అంగట్లో దొరికే బార్బ్‌లు (ట్యూబులోకి దూర్చే ముక్కులు) సరిగ్గా కూర్చోవు. వెర్నియర్‌తో కొలవకుండా కొంటే వారం ఆగి కారుతుంది, అదీ గ్రాఫిక్స్ కార్డు మీద. ఇత్తడి జాయింట్ పెడితే ఇంకో లోహం కలిసినట్టు. ఫిల్ పోర్ట్ కావాలనుకుంటే ఆల్ఫాకూల్ ఐస్‌బేర్ లాంటిది చూసుకో, రాగి ర్యాడ్, జీ1/4 (కస్టమ్ లూపుల్లో వాడే మర కొలత) ఫిట్టింగులు, విప్పి నింపేదానికే చేసినారు. బీ క్వైట్ ప్యూర్ లూప్‌కి కూడా రీఫిల్ పోర్ట్ ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు ర్యాడ్ పై అంచు పంపు కన్నా పైన ఉండాల, లేకపోతే మిగిలిన గాలంతా పంపులోకే చేరి మళ్లీ గరగర. ఇంకొకటి, మే నెలలో గదే 38 ఉంటే కూలెంట్ 38 కిందికి రాదు. రిపేరు ఫలితాన్ని గది వేడి తీసేసి లెక్కేసుకో.

వంచేసిన పాత నీళ్లు, మిగిలిన కారు కూలెంట్ బయట గిన్నెలో వదలొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు తాగితే చచ్చిపోతాయి.