అప్‌డేట్: ఎక్సెల్‌లో తెలుగు సరిగ్గా వస్తోంది, లాట్ నంబర్లకి మాత్రం వేరే దారి

ముందు అడిగింది ఇదీ: పలాసలో జీడిపప్పు కొట్టు స్టాకు పట్టీని పైథాన్ ప్రోగ్రాంతో సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) రాస్తే, నోట్‌ప్యాడ్‌లో తెలుగు బాగానే ఉంది, ఎక్సెల్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు.

మీరు చెప్పినట్టు ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్‌ని (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిని) యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ చేస్తే సరిపోయింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు. ‘జీడిపప్పు’ అంటే అక్షరాలూ గుర్తులూ కలిపి 9 కోడ్‌లు, 27 బైట్లు. సిగ్ పెడితే ఫైలు మొదట్లో ఇంకో 3 బైట్ల గుర్తు పడుతుంది. అది లేకపోతే ఎక్సెల్ పాత విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుని ప్రతి బైటునీ విడి అక్షరంగా చదివేస్తుంది.

ఆ ఫైలునే మళ్లీ పైథాన్‌లో చదివేటప్పుడూ సిగ్ పెట్టాలి. లేదంటే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి కంటికి కనబడకుండా అతుక్కుంటుంది, డిక్ట్‌రీడర్‌లో (వరసల్ని కాలమ్ పేర్లతో చదివే సాధనం) ‘సరుకు’ అని అడిగితే కీఎర్రర్, అంటే ఆ పేరే లేదంటుంది. పేరు చూస్తే సరిగ్గానే ఉంటుంది మరి! దాగిన గుర్తుల్ని కూడా చూపే రెప్ర్ ఫంక్షన్‌తో ప్రింట్ చేస్తేనే బయటపడుతుంది.

వరసల మధ్య ఖాళీ లైన్లు కూడా పోయాయి. ఓపెన్‌లోనే న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే చాలు.

మిగిలింది లాట్ నంబర్లు (సరుకు విడతలకి ఇచ్చే నంబర్లు). ‘05-12’ని ఎక్సెల్ తేదీ చేసేస్తోంది. దీనికి ఎన్‌కోడింగ్‌తో పని లేదు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకుండా, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెచ్చి, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర ‘డు నాట్ డిటెక్ట్’ ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టు వస్తోంది. కొట్లో అందరూ డబుల్ క్లిక్కే కొడతారు కాబట్టి, నంబర్లనే ‘ఎల్05-12’గా మార్చేశాం.