ఉప్పాడ అర్జీలో ‘వాతావరణ మార్పు’ అని రాయాలా, వద్దా?

గోదారి గట్టు · శనివారం ఉదయం 9:10
కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రపు కోత మీద పై అధికారులకు ఇవ్వడానికి ఒక అర్జీ తయారవుతోంది. ఊళ్లోవాళ్లు కొందరు, బయట ఊళ్లలో ఉంటున్న నాలాంటివాళ్లు కొందరు కలిసి రాస్తున్నాం. అడుగుతున్నవి రెండే: గట్టి రాళ్ల గోడ, ఇళ్లు పోయినవాళ్లకు పరిహారం. మొదటి పేరాలో ‘భూమి వేడెక్కి సముద్రం పెరగడం వల్ల మా ఊరు పోతోంది’ అని నేను రాశాను. ఎందుకంటే 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐరాస వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పుతో నష్టపోయిన దేశాల కోసం ఒక నిధికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది దుబాయ్ సదస్సులో అది మొదలైంది. వనువాటు అనే చిన్న దీవి దేశం పట్టుబడితే, 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా హాని చేసిన దేశాలు పరిహారం ఇవ్వాల్సి రావచ్చని అభిప్రాయం చెప్పింది. మన గోడు కూడా ఆ దారిలో చేరాలంటే కారణం స్పష్టంగా రాయాలి కదా. మీరేమంటారు?

తీరవాసి · 9:42
ఆ వాక్యం తీసేయండి గట్టు గారూ. నేను ఉప్పాడలోనే పుట్టాను. నా చిన్నప్పుడు మా ఇంటికీ సముద్రానికీ మధ్య మూడు వీధులు, ఒక కొబ్బరితోట ఉండేవి. ఇప్పుడు మా పెరటి బావి ఒరలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. పోటు దిగినప్పుడు పిల్లలు వాటి మీదెక్కి గాలాలు వేస్తారు. సముద్రం ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతోందంటారు. మిల్లీమీటర్లకే మూడు వీధులు పోయాయా?
అసలు కారణం గోదావరి. 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేరేది. 1990లకు అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. పైన జాయక్వాడి నుంచి శ్రీరాంసాగర్ దాకా ఆనకట్టల దగ్గర ఎక్కడికక్కడ ఆగిపోతోంది. ఒడ్డుకు తిండి పెట్టకుండా ఒడ్డు కరిగిపోతోందంటే ఎలా?

లెక్కల మాస్టారు · 10:15
తీరవాసి గారూ, మీ బాధ అర్థమైంది కానీ లెక్క సరిగా చూడాలి. సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఇది నిలువు లెక్క. వాలు తక్కువగా ఉన్న ఇసుక ఒడ్డు మీద ఆ నిలువుకు 50 నుంచి 100 రెట్లు అడ్డంగా వెనక్కి పోతుందని ఇంజినీర్లు ఒక మోటు లెక్క వేస్తారు. ఇంకో మాట: మీరు చెప్పిన టన్నులు ఒండ్రువి. ఒండ్రు వేరు, ఇసుక వేరు. ఒడ్డును నిలబెట్టేది ఇసుక.

తీరవాసి · 10:31
మీ లెక్కే పట్టుకుందాం. 3.7 మిల్లీమీటర్లకు వంద రెట్లంటే ఏడాదికి 37 సెంటీమీటర్లు. ఇరవై ఏళ్లకు దాదాపు ఏడున్నర మీటర్లు. మా ఒక్క పెరడే అంతకన్నా పొడవు మాస్టారూ. మిగతా మూడు వీధులు ఎవరి ఖాతాలో వేస్తారు?

లెక్కల మాస్టారు · 10:50
తుఫాన్లను వదిలేశారు. సముద్రం వేడెక్కితే తుఫాన్లలో తీవ్రమైన వాటి వాటా పెరుగుతుంది, మట్టం పెరిగిన సముద్రం మీద వచ్చే ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. ఒండ్రు వేరు, ఇసుక వేరు అన్నదానికి మీరు జవాబు చెప్పలేదు.

సింగపూర్ సత్తిబాబు · 11:20
ఇలాంటి గొడవే జకార్తాలో చూశాను. ఉత్తర జకార్తా మునుగుతుంటే అందరూ సముద్రం పెరిగిందన్నారు. కానీ బోర్లు వేసి నీళ్లు తోడెయ్యడంతో నేలే కుంగుతోంది, అదీ సముద్రం పెరిగే వేగానికి ఎన్నో రెట్లు. రెండూ నిజమే. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని దాచకూడదు.

పిఠాపురం పిల్ల · 11:24
కాకినాడ బీచ్ రోడ్డు తుఫాను వచ్చిన ప్రతిసారీ పోతోంది. ముందు రోడ్డు వేయించండి బాబూ, మా కాలేజీ బస్సు చుట్టు తిరిగి వెళ్తోంది.

తీరవాసి · మధ్యాహ్నం 12:05
ఒండ్రులో ఇసుక ఎంత, మట్టి ఎంత అని ఇప్పుడు తేల్చాలా మాస్టారూ? హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని చెప్పడానికి బాగానే ఉంటుంది. పౌర్ణమి పోటు వస్తే మా అమ్మ రాత్రంతా మంచం దిగకుండా కూర్చుంటుంది. కెరటం గోడకు తగిలినప్పుడు గిన్నెలు కదిలిన చప్పుడు మీరు వినలేదు.

లెక్కల మాస్టారు · 12:22
నేను హైదరాబాద్‌లో లేను. విశాఖలో ఉన్నాను. రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి పైకప్పు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి లేచిపోయింది. నా భార్య, నేను బాత్‌రూమ్‌లో తలుపు పట్టుకుని కూర్చున్నాం. వాతావరణ మార్పు అనే మాట తీసేయమంటే నాకు కోపం వస్తుంది. ఆ మాట వద్దనేవాళ్లంతా చివరికి ఏమీ చేయవద్దనేవాళ్లే అవుతున్నారు.

తీరవాసి · 12:58
క్షమించండి మాస్టారూ, మీ సంగతి తెలియక అన్నాను. కానీ నేను ఏమీ చేయవద్దనడం లేదు. ఎందుకు తీసేయమంటున్నానో ఇప్పుడు చెబుతాను. మా ఇల్లు తుఫాన్లో పోలేదు. ఒక మామూలు అమావాస్య పోటుకి, గాలి కూడా లేని రాత్రి, వంటగది గోడ కిందికి జారింది. పరిహారానికి ఒక ఆఫీసుకు వెళ్తే ‘తుఫాను తేదీ ఏది?’ అన్నారు. తేదీ లేదన్నాను. పరిహారానికి కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, కరువు ఉంది, సునామీ ఉంది, వడగళ్లు కూడా ఉన్నాయి. కోత లేదు. ఆ ఫైలు అక్కడితో మూసేశారు. పైవాళ్లకు వాతావరణ మార్పు అంటే ప్రపంచం మొత్తం తప్పు, అంటే ఎవరి తప్పూ కాదు. ఆనకట్ట, ఇసుక, జాబితా అని రాస్తే జవాబు చెప్పాల్సినవాళ్లు ఇక్కడే ఉంటారు.

గోదారి గట్టు · 1:15
ఇది నాకు తెలియదు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం కోతకు ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు, కోత ఆపే పనులకు 1,500 కోట్లు విడిగా పెట్టింది. నది కోతకూ సముద్రపు కోతకూ కలిపి. అర్జీలో ఆ మాట తప్పకుండా రాద్దాం. రెండు కారణాలూ రాద్దాం. మరి గోడ విషయంలో అందరికీ అంగీకారమే కదా, సంతకాలు మొదలుపెట్టమంటారా?

కోనపాపపేట కుర్రోడు · 1:40
అంగీకారం కాదు. పొద్దుటి నుంచి చదువుతున్నాను. ఒక్కరైనా మా పేరు ఎత్తుతారేమోనని చూశాను.
ఏడాదిలో ఎక్కువ నెలలు మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ హార్బర్ కట్టి ఆ నడకను ఆపాక, ఆర్కే బీచ్‌కి డ్రెడ్జింగ్‌లో తవ్వి తీసిన ఇసుక పోయాల్సి వస్తున్నది అందుకే. మీకు జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ వేశారు, రాళ్లు పోశారు. మీ ఒడ్డు కొంత నిలబడింది, ఆ ఇసుక మా వైపు రావడం తగ్గింది. మేం మీకు ఉత్తరాన ఉన్నాం. మా వీధి చివర కొబ్బరిచెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. ఇప్పుడు ఇంకా పెద్ద గోడ అడుగుతున్నారు. కారణం వాతావరణమని రాసినా గోదావరి అని రాసినా, మీ గోడ కడితే పోయేది మా ఊరే.

లెక్కల మాస్టారు · 2:02
ఇసుక నడక గురించి ఈ అబ్బాయి చెప్పింది నిజం. గోడ పక్కన కోత పెరుగుతుంది.

తీరవాసి · 2:30
తమ్ముడూ, గోడ లేకపోతే ఈ ఏడాది మా వీధి కూడా ఉండదు. నువ్వు ఆగమంటే ఎలా ఆగుతాను?

కోనపాపపేట కుర్రోడు · 2:36
ఆగమనడం లేదన్నా. మా మేనత్త మీ ఊళ్లోనే ఉంది, నేనెలా ఆగమంటాను? గోడతోపాటు మా ఒడ్డుకు ఏటా ఇసుక పోయాలని రాయండి. మా ఊరి పేరుతో రాయండి. అప్పుడు సంతకం పెడతాను.

సింగపూర్ సత్తిబాబు · 2:41
మీ ఊరికి ఉత్తరాన ఉన్నవాళ్లను కూడా అడిగారా?

తీరవాసి · 3:20
ఇసుక పొయ్యడానికి ఎంత అవుతుందో చూసి గోడ కూడా వద్దంటారేమోనని నా భయం. రెండూ ఒకే కాగితంలో ఉంటే రెండూ పోతాయి.

కోనపాపపేట కుర్రోడు · 3:24
వేరే కాగితమైతే మీ కాగితం ముందు వెళ్తుంది అన్నా. మాది ఎప్పుడు వెళ్తుంది?

గోదారి గట్టు · 5:05
సంతకాలు మొదలుపెట్టలేదు. తీరవాసి గారూ, రేపు పొద్దున్న మీరిద్దరూ ఎక్కడ కలుస్తారో చెప్పండి, నేను ఫోన్‌లో ఉంటాను.