పుస్తకంలోని పాటలన్నీ సినిమాలో ఎక్కడికి పోయాయి?

కాజీపేట చదువరి:

అందరికీ నమస్తే. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పుస్తకం ఈ ఎండాకాలంలో పూర్తిచేశాను. ఆ ఊపులోనే పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాలూ చూశాను. యుద్ధాలు అదిరిపోయాయి. కానీ టోల్కీన్ పుస్తకంలో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు కదా. నడుస్తూ పాట, స్నానం చేస్తూ పాట, తోటి వీరుడు బొరొమిర్ పోతే అతని మీద పాట. సినిమాలో అవి దాదాపుగా లేవు. మాట మాటకూ పాటందుకునే టామ్ బాంబడిల్‌నైతే మొత్తానికే లేపేశారు. మనసు చివుక్కుమంది. సినిమా తీసినవాళ్ళు ఆ పాటల్ని అసలు పట్టించుకోలేదా?

ఐనవోలు డోలు:

తమ్ముడూ, పట్టించుకున్నారు. పాత్రల నోటి నుంచి తీసి సంగీత దర్శకుడు హొవార్డ్ షోర్ చేతిలో పెట్టారు.

మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. మల్లన్న జాతరలో మా మామయ్య కథ చెప్తుంటే నేను డోలు కొడతాను. రాత్రి చాలకపోతే ఆయన ఎన్నో ఘట్టాలు దాటేస్తాడు. మల్లన్నతో మేడాలమ్మ పెండ్లి మాటల్లో రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఆ పెండ్లికి కొట్టే దెబ్బ మాత్రం వదలనివ్వడు. ఆ దెబ్బ పడితే చాలు, కూర్చున్న జనానికి పెండ్లి కళ్ళముందు నిలబడుతుంది. ఈ సినిమాల సంగీతాన్ని నేను అట్లనే వింటాను.

మరుగుజ్జుల పాత రాజ్యం మోరియా గుహలు గుర్తు చేసుకో. పుస్తకంలో ఆ చీకట్లో మరుగుజ్జు గిమ్లీ తన పూర్వీకుడు డ్యూరిన్ మీద పాట పాడతాడు. సినిమాలో పాడడు. కానీ అక్కడ వెనక వినిపించే మగ గొంతులు మరుగుజ్జుల భాషలోనే పాడుతున్నాయి. ఆ బృందంలో న్యూజిలాండ్ మావోరీలు, పసిఫిక్ దీవులవాళ్ళు ఉన్నారు. వంతెన మీదికి పరుగెత్తేటప్పుడు వాళ్ళు గుండెలోంచి హుంకరిస్తుంటే, సచ్చిపోయిన ఆ కొలువంతా లేచి వచ్చినట్టు ఉంటుంది. గిమ్లీ ఒక్కడు పాడినా అంత బరువు వచ్చేది కాదని నా నమ్మకం.

ఇంకోటి. చెడ్డ మాంత్రికుడు సరుమాన్ కోట ఐసెన్‌గార్డ్ వచ్చినప్పుడు ఇనుము మీద కొడుతున్న చప్పుడు విను. అది అయిదు దెబ్బల లెక్క, తాళంలో మనం ఖండం అంటామే, అది. నాలుగుకు అలవాటుపడ్డ చెవికి ఆ అయిదోది ఎప్పుడూ కొంచెం తోసినట్టే తగులుతుంది. చెట్లు నరికి కొలిమిలో వేసేవాడికి అంతకన్నా తగిన దెబ్బ లేదు. గుర్రాల రాజ్యం రోహన్ వాళ్ళకైతే షోర్ నార్వే దేశపు హార్డాంగర్ ఫిడేలు పెట్టాడు. దానికి కమాను ఆడే తీగల కింద ఇంకొన్ని తీగలుంటాయి, మన సారంగికి ఉన్నట్టు. పైన కమాను ఆడితే కిందివి వాటంతట అవే పలుకుతాయి. ఆ గుర్రాలవాళ్ళ పాత వైభవం ఆ అడుగు తీగల్లోనే ఉంది.

హన్మకొండ టీచరమ్మ:

సంగీతం వరకు డోలు తమ్ముడు చెప్పినదానికి ఒప్పుకుంటాను. కానీ కథలోని పొట్టి మనుషులు హాబిట్లు ఇంటికి తిరిగొచ్చి, పాడైపోయిన తమ సీమ షైర్‌ను సొంతంగా విడిపించుకునే అధ్యాయం తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దానికి ఏ ఫిడేలూ బదులు కాదు. బాంబడిల్ పోయినందుకు నాకంత బాధ లేదు. అతని మాటలు కొన్ని రెండో సినిమా పొడిగించిన ప్రతిలో చెట్టు మనిషి ట్రీబియర్డ్ నోట వినిపిస్తాయి, చూడు.

కాజీపేట చదువరి:

థాంక్స్ అన్నా, అక్కా. మరి హాబిట్ పిప్పిన్ పాడిన పాట? అది పాత్ర నోటనే ఉంచారు కదా?

ఐనవోలు డోలు:

మంచి చోట పట్టుకున్నావు. నన్నడిగితే మూడు సినిమాల్లో అదే గొప్ప మార్పు. పుస్తకంలో గొండోర్ రాజ్యం ఏలే ముసలాయన డెనెథార్ 'నీకు పాడటం వచ్చా' అని అడుగుతాడు, పిప్పిన్ వచ్చంటాడు, అంతే, పాట లేదు. సినిమాలో పాడించారు. పదాలు టోల్కీన్‌వే, మొదటి సంపుటంలో హాబిట్లు దారి వెంట పాడుకునే నడక పాట చివరివి. వరస కట్టింది పిప్పిన్‌గా వేసిన బిల్లీ బాయిడ్. ఇక్కడ ముసలాయన టమాటాలు నములుతుంటాడు, గడ్డం మీదికి ఎర్రటి రసం కారుతుంది. అక్కడ కొడుకు ఫారమిర్ చావు ఖాయమని తెలిసి గుర్రం తోలుతుంటాడు. నడిచేటప్పుడు పాడుకునే చిన్న పాట ఆ రెండిటి మధ్యలో పడింది.

అక్క చెప్పిన అధ్యాయం విషయంలో నాదీ అదే బాధ. ఇక నీకొక పని చెప్తా. మొదటి సినిమా మళ్ళీ పెట్టు, టీవీ స్పీకరులో కాదు, హెడ్‌ఫోన్‌లో. ఎల్ఫుల పెద్ద ఎల్‌రాండ్ సభలో తొమ్మిదిమంది జట్టు కట్టినప్పుడు ఒక వరస నిండుగా వినిపిస్తుంది. జట్టులోని మాంత్రికుడు గాండాల్ఫ్ పడిపోయాక అదే వరస ఎట్లా తునకలవుతుందో విని, నీకేమనిపించిందో ఇక్కడ రాయి.