ఆర్కైవ్ సర్వర్‌లో పాస్‌వర్డ్‌లు ఎక్కడ దాచాలి?
అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో మా ఆఫీసు. పాత ఇన్వాయిస్‌లు, కాంట్రాక్టులు భద్రపరిచే ఆర్కైవ్ సిస్టమ్ నేనే చూస్తాను, విండోస్ సర్వర్ మీద నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ (డేటాబేస్), స్కానర్ షేర్ ఫోల్డర్, మెయిల్‌బాక్స్... మూడింటి పాస్‌వర్డ్‌లూ కాన్ఫిగ్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. ఆడిటర్ ఊరుకుంటాడా!

డీపీఏపీఐతో (విండోస్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్ సదుపాయం) మెషీన్ స్థాయిలో ఎన్‌క్రిప్ట్ చేస్తే డీఆర్ సర్వర్‌లో (అసలుది పడిపోతే వాడే ప్రత్యామ్నాయ సర్వర్) తెరుచుకోదు. డేటాబేస్‌కీ ఫోల్డర్‌కీ జీఎంఎస్‌ఏ ఖాతా (ప్రోగ్రామ్‌ల కోసం ఆఫీసు విండోస్ డొమైనే నిర్వహించే ఖాతా) చాలనిపిస్తోంది: పాస్‌వర్డ్‌ని డొమైనే మామూలుగా 30 రోజులకోసారి మార్చేస్తుంది, మనం ఎక్కడా రాసుకోనక్కర్లేదు.

మిగిలింది మెయిల్‌బాక్స్. దానికి వాల్ట్ (పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్) పెడితే, వాల్ట్ తెరిచే టోకెన్ మళ్లీ ఎక్కడ పెట్టాలి? తాళంచెవి గుమ్మం మీదే వదిలినట్టు కాదూ? ఇలాంటిది నడుపుతున్నవాళ్లు, రాత్రి బ్యాచ్ జాబ్ ఆగకుండా ఎలా చేస్తున్నారో చెప్పగలరా? క్లౌడ్ మాత్రం వద్దని మేనేజ్‌మెంట్ ముందే తేల్చేసింది.