ఒక సిలిండర్ కారితే అన్నిటినీ విప్పాలా?

పాతటాప్:
నా కారు 1990ల నాటిది, దాని టాప్ (మడిచే పైకప్పు) హైడ్రాలిక్‌తో, అంటే ఆయిల్ ఒత్తిడితో కదిలే సిలిండర్లతో తెరుచుకుంటుంది. నెల రోజులుగా ముందు అద్దం పైచట్రం నుంచి ఆయిల్ చుక్క చుక్కగా సన్‌వైజర్ మీద పడుతోంది. కారుతున్నది టాప్‌ను ముందు పట్టి ఉంచే లాక్ సిలిండరే. మిగతావన్నీ తుడిచి చూస్తే పొడిగా ఉన్నాయి. అయినా అన్నిటికీ సీల్స్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగులు) మార్చాలని మెకానిక్ పట్టుబడుతున్నారు. అది నిజంగా అవసరమా?

నిలకడ:
అవసరం లేదు. బాగున్న సిలిండర్‌ను విప్పేటప్పుడు లోపలికీ బయటికీ జరిగే దాని రాడ్ మీద సన్నని గీత పడినా, ఆ గీతే కొత్త సీల్‌ను కోసి మరో లీకు తెస్తుంది. కారిన దాన్ని బాగుచేయించి, మిగతావి గమనిస్తూ ఉండండి.

చుక్కలెక్క:
నిలకడ గారు కారని సిలిండర్ బాగున్నట్టే అన్నట్టు రాశారు. నా అనుభవం వేరు. 1989 నుంచి 2001 దాకా తయారైన మెర్సిడెస్ ఎస్ఎల్ ఆర్129నే చూడండి: దాని సిలిండర్లలో వేసిన పాలీయురేథేన్ సీల్స్, టాప్‌ను రోజూ తెరిచినా షెడ్డులో ఊరికే ఉంచినా, వేడికీ వయసుకీ మెత్తబడి తునకలవుతాయి. నేను విప్పిన ఒక సిలిండర్ బయటికి చుక్క కూడా కారలేదు, కానీ రాడ్ లాగగానే లోపలి సీల్ మైనంలా వేలికి అంటుకుంది. అన్నీ ఒకే ఏడు బిగించినవైతే ఒకటి పోయాక మిగతావి ఎక్కువ కాలం ఆగవు. పైగా లోపలి లైనింగ్ విప్పడమే పెద్ద పని. దాన్ని రెండుసార్లు చేయించుకోవడం నాకైతే దండుగ.

పాతటాప్:
లీకు ఆపే మందు పోస్తే కొంతకాలం గడవదా? మరొకరు బ్రేక్ ఆయిల్ కలపమన్నారు.

చుక్కలెక్క:
ఆ మందు రబ్బరును ఉబ్బిస్తుంది తప్ప తునకలైన సీల్‌ను అతకదు. మినరల్ ఆయిల్‌తో నడిచే వ్యవస్థలో గ్లైకాల్ బ్రేక్ ఆయిల్ పోస్తే బాగున్న సీల్స్ కూడా పాడవుతాయి. మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే వాడండి. మట్టం కూడా అందులో చెప్పిన స్థితిలో, అంటే టాప్ తెరిచా మూసా అన్నది చూసుకుని, కొలవండి. సిలిండర్లు చాచి ఉన్నప్పుడు వాటిలోకి ఎక్కువ ఆయిల్ వెళ్ళి ట్యాంకులో తగ్గినట్టు కనిపిస్తుంది.

నిలకడ:
సీల్ అలా మెత్తబడిందని తేలితే నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ అది చూడకుండానే అన్నీ విప్పమనడం మాత్రం ఒప్పుకోను.

పాతటాప్:
అలాగైతే ముందు రెండు లాక్ సిలిండర్లతో పాటు, కారని వెనుక సిలిండర్ ఒకటి నా కళ్ళెదుటే విప్పమంటాను. దాని సీల్ గోటికి గట్టిగా తగిలితే అక్కడితో ఆపుతాను, మైనంలా అంటుకుంటే మిగతావన్నీ విప్పిస్తాను.