అమ్మ రోజూ యాపిల్ సైడర్ వెనిగర్ తాగుతోంది, ఆపించాలా?

మా అమ్మకి 58 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర వాడుతుంది. నాలుగు నెలలుగా పరగడుపున యాపిల్ సైడర్ వెనిగర్ తాగుతోంది. మొదట్లో గ్లాసు నీళ్లలో ఒక చెంచా. ఇప్పుడు అరగ్లాసు నీళ్లలో రెండు పెద్ద చెంచాలు. సీసా అడుగున పేరుకున్న 'మదర్'ని (పులిసేటప్పుడు ఏర్పడే మడ్డిని) బాగా కలిపి, ముక్కు మూసుకుని గటగటా తాగేస్తుంది. వెంటనే బ్రష్ చేసుకుంటుంది.

పోయిన వారం మామిడికాయ పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేసింది. పళ్లు జివ్వుమంటున్నాయట. మామిడికాయ పప్పు వదిలేసే మనిషి కాదు. గొంతులో మంట కూడా ఉందని అప్పుడు చెప్పింది. ఈ వెనిగర్‌లో దాదాపు 5 శాతం ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది కదా, ఎనామిల్ (పళ్ల పై గట్టి పొర) అరిగిపోతోందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

బరువు తగ్గుతారని 2024లో వచ్చిన లెబనాన్ అధ్యయనం గురించి విని మొదలుపెట్టింది. దాన్ని 2025లో ప్రచురించిన సైన్స్ పత్రికే వెనక్కి తీసుకుందని చెప్పినా వినదు. తిన్నాక షుగర్ కాస్త తక్కువ చూపిస్తోందంటుంది. అది నిజమే, కాదనలేను.

శుక్రవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా. ఆ నీరు తీసే మాత్రతో పాటు వెనిగర్ తాగితే పొటాషియం పడిపోవచ్చంటారు, మీ ఇళ్లలో ఎవరికైనా అలా అయిందా? పళ్ల జివ్వు తగ్గడానికి ఏం చేశారు? తాగడం మాన్పించి, కీరా ముక్కల్లో కొద్దిగా కలిపి పెడితే ఫర్వాలేదా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.