అకౌస్టిక్ మైక్రోస్కోప్‌లో మసకబారిన చిత్రానికి మళ్లీ ఫోకస్ తేవడం ఎలా?

పెన్నాతీరం (నెల్లూరు):
సైదాపురం మైకా పలకల్లో పొరలు విడిన చోట్లను అకౌస్టిక్ మైక్రోస్కోప్ (ధ్వని తరంగాలతో లోపలి బొమ్మ తీసే పరికరం) కింద 50 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌తో (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగంతో) చూస్తున్నాను. పై పొరకు ఫోకస్ పెడితే లోపలివి మసకబారుతున్నాయి. ప్రతి లోతుకూ మళ్లీ స్కాన్ చేయకుండా, ఉన్న డేటా నుంచే కంప్యూటర్ ఫోకస్ సరిచేసే పద్ధతిని ఎవరైనా వాడి చూశారా?

చీమకుర్తి రాయి (ఒంగోలు):
ముందు మీరు ఏం భద్రపరిచారో చూసుకోండి. ప్రతి బిందువు దగ్గర వచ్చిన ప్రతిధ్వని తరంగం మొత్తం ఫైల్లో ఉంటేనే దారి ఉంది; గేటులో (ఎంచుకున్న కాలవ్యవధిలో) పడిన గరిష్ఠ విలువను మాత్రమే దాచిన సి-స్కాన్ బొమ్మలో (పైనుంచి చూసినట్టుండే బొమ్మలో) దశ సమాచారం, అంటే తరంగం ఏ క్షణంలో ఏ స్థితిలో ఉందన్నది, మిగలదు కనుక, దాన్ని ఎంత సానబట్టినా అంచులు ముదురుతాయే తప్ప పోయిన వివరం రాదు. మేము సింథటిక్ అపర్చర్ పద్ధతి వాడుతున్నాము. లెన్స్ నాభినే ధ్వని పుట్టిన చోటుగా భావించి, అక్కడి నుంచి లోపం దాకా వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టి, ఇరుగుపొరుగు బిందువుల తరంగాలను ఆ మేరకు జరిపి కూడితే, నాభికి దిగువన ఉన్న లోపం కూడా తేటపడుతుంది. పలకను ముంచిన నీటిలో మీ తరంగదైర్ఘ్యం సుమారు 30 మైక్రాన్లు. స్కాన్ అడుగు (ఒక బిందువు నుంచి పక్క బిందువుకు దూరం) అందులో సగానికి మించకూడదు.

పెన్నాతీరం:
పూర్తి తరంగాలే ఉన్నాయండి, అడుగు 10 మైక్రాన్లు. మరి ఏ లోతు సరైనదో తేల్చేదెలా?

కావలి కెరటం:
లోతును కొద్దికొద్దిగా మారుస్తూ చిత్రాలు కట్టించి, పక్కపక్క పిక్సెళ్ల తేడా ఎక్కడ గరిష్ఠమో దాన్ని ఎంచుకోమనాలి. చిత్రం మొత్తం మీద కొలిస్తే ఉపరితలపు గీతలే నెగ్గుతాయి. లోపం చుట్టూ చిన్న గడి గీసి అందులోనే కొలవండి. గ్రానైట్‌లో రేణువులు ధ్వనిని చెదరగొట్టడం వల్ల ఈ కొలత తరచూ దారి తప్పుతుంది, మైకాతో ఆ తంటా తక్కువ.

చీమకుర్తి రాయి:
మైకాకు దాని తంటా దానిది. పొరలకు అడ్డంగా ధ్వని వేగం, పొరల వెంట ఉన్నదాని కంటే బాగా తక్కువ. కాబట్టి ఒకే వేగంతో లెక్కగట్టేటప్పుడు ఏటవాలు కిరణాలను వదిలేయడం మేలు. స్క్రూ గేజ్‌తో మందం కొలిచి, పైతలం, అడుగుతలం ప్రతిధ్వనుల మధ్య కాలంతో అడ్డపు వేగాన్ని రాబట్టండి. నీటి ఉష్ణోగ్రతనూ రాసిపెట్టండి: 25 డిగ్రీల వద్ద సెకనుకు 1497 మీటర్లున్న వేగం 30 డిగ్రీలకు 1509 అవుతుంది, మన ఎండలకు తొట్టి నీళ్లు ఉదయం ఉన్నట్టు మధ్యాహ్నం ఉండవు.

కావలి కెరటం:
ఇంకొకటి. పలక అంచుల నుంచి పొరల మధ్యకు నీరు చేరితే గాలి ఖాళీ పోయి ప్రతిధ్వని బలహీనపడుతుంది. అది ఫోకస్ లోపం కాదు, ఏ లెక్కతోనూ బాగుపడదు; ముంచేముందే అంచులకు మైనం పూయండి.